తప్పులు దిద్దడానికి వెళ్లి

బేసిన్ బ్రిడ్జి వెనక, పాత సుంకం ఇంట్లో
పడవల మ్యూజియం పెడుతున్నారు.
తెలుగు చీటీల్లో తప్పులు దిద్దమని నన్ను పిలిచారు.
చీటీకి పన్నెండు రూపాయలు, టీ వాళ్లదే.

"తెరచాపు"కి కొమ్ము తీసేశాను.
చుక్కాని కింద ఎవరో "చక్కని" అని రాశారు.
దాన్ని కాసేపు అలాగే ఉండనిచ్చాను.

గోడ మీది పటంలో పులికాట్ సరస్సు
ముదురు నీలం, ఏనుగులు మునిగేంత లోతున్నట్టు.
ఎండాకాలం చాలాచోట్ల మోకాలు దాటదని
రంగు వేసినవాడికి ఎవరు చెప్తారు?
శ్రీహరికోట సరుగుడు కట్టె,
దుగరాజపట్నం ఉప్పు, గుల్ల సున్నం,
అన్నీ బాణం గుర్తులై
పట్నం వైపు వాటంతటవే జారిపోతున్నాయి.

కిటికీ అవతల అదే కాలువ,
నల్లగా, థర్మాకోల్ ముక్కలు మోసుకుంటూ.
ఆరు చెప్పులు లెక్కపెట్టాను, ఒక్క జతా లేదు.

పదిహేడో నంబరు పెట్టెకి ఇంకా అద్దం బిగించలేదు.
లోపల ఒక మోకు, దాని కొసకి కుట్టిన గోనె పట్టీ.
చీటీ మీద: "గుర్తు తెలియని పరికరం."
తప్పు లేదు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

నేల తుడుస్తున్న చెంగమ్మ ఆగింది.
"మాది తడ కాడ సార్" అని
చీపురు గోడకి ఆనించి
పట్టీ తీసి ఎడమ భుజానికి తగిలించుకుంది.
మోకు రెండో కొస నా చేతిలో పెట్టింది.
ముందుకి వంగింది,
నడుము దగ్గర కాదు, మడమల దగ్గర్నుంచి,
ఇంకాస్త వంగితే పడిపోతుందనేంత.

చక్రాలున్న ఆఫీసు కుర్చీలో
కళ్లజోడు, ఎర్ర పెన్ను, డెబ్బై రెండు కిలోలు,
గచ్చు మీద బారెడు దూరం కదిలాను.

"తొడక్కూడాదు!" వాచ్‌మన్ అరిచాడు గుమ్మంలోంచి.
ఆమె పట్టీ విప్పి, దులిపి,
చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టెలో పెట్టింది.
"గాలి పడిపోతే మా తాత గట్టు మీద ఇట్టానే నడిచేవోడంట,
తడ నించి ఈడదాకా.
పడవలో ఉప్పు బస్తాలు. ఉప్పు మీద సరంగు నిద్ర."

"పేరేమిటి?" అన్నాను పెన్ను తీసి.
నేనడిగింది పట్టీ పేరు.
"మునెయ్య" అంది.

చీటీ మీద అదే రాశాను.
ఇక దాన్ని దిద్దడానికి
ఎవర్ని పిలుస్తారో చూడాలి.