ఇత్తడి బిళ్ళ

నెల్బా మాస్టర్ తాళంచెవి పారేసుకుంది.
పోయింది చెవి కాదు, మేడ మొత్తం అని
సంఘం సెక్రటరీ లిఫ్టులో కాగితం అతికించాడు.
మోంటెవిడియోలో, ఉప్పుగాలికి కిటికీ ఊచలు
ఏడాదికోసారి రంగడిగే వీధిలో
నలభై రెండు వాటాలు.
అందుకని నేను, నా ట్రే, నా పట్టకారు,
స్ప్రింగులు ఎగిరిపోకుండా బిగబట్టిన ఊపిరి.

తాళంలో ఏముంటుందని మెట్ల మీద పిల్లలు అడిగారు.
ఐదు బావులుంటాయర్రా, చిన్నవి.
బావికో మేకు, మేకు మీద స్ప్రింగు.
మీ చెవి వెళ్ళి ఐదింటినీ
ఒక్క గీత మీద నిలబెడితే తిరుగుతుంది.
మాస్టర్‌కి ఇంకో గీత కావాలి.
దానికోసం మధ్యలో ఓ బిళ్ళ వేస్తాం,
ఇత్తడిది, ఆవగింజని చితక్కొట్టినంత.
ఇక మీ తాళం మీకూ ఊఁ అంటుంది,
మీరెరగని ఇంకొకరికీ ఊఁ అంటుంది.
బిళ్ళ పడ్డ తాళం కాస్త మెత్తబడుతుంది.
ఇది మాత్రం పిల్లలకి చెప్పలేదు.

ఆరు-బి.
ఎర్సిలియా బెంతన్‌కూర్, ఎనభై దాటిన మనిషి.
తాళం విప్పి ట్రేలో బోర్లించాను.
ఐదు మేకులు, ఐదు స్ప్రింగులు. అంతే.
బిళ్ళ లేదు.
పాత పట్టికలో మా మేస్త్రి చేతి టిక్కు మాత్రం ఉంది.
మా మేస్త్రి లెక్క తప్పే మనిషి కాదు.

"డెబ్బై అయిదులో," అందావిడ, ఫ్లాస్కు మూత తిప్పుతూ,
"ఎవరు కాగితం చూపిస్తే వాళ్ళకి
కింద కాపలామనిషి చెవి ఇచ్చెయ్యాలి.
ఇవ్వకపోతే మర్నాటికి ఆయనుండడు.
మా తమ్ముడు ఆ గదిలో పడుకునేవాడు.
మీ మేస్త్రి ఏమీ అడగలేదు.
ఆఖరి స్క్రూ బిగిస్తూ అన్నాడు,
ఇంక పగలగొట్టాల్సిందేనమ్మా,
పగలగొడితే చప్పుడవుతుంది."

వచ్చారా?

"వచ్చారు. చప్పుడైంది.
వంటింటి వెనక మెట్లున్నాయిగా.
తలుపు మారింది. తాళం అదే."

పట్టకారు పక్కన పెట్టి అడిగాను,
ఇలాగే ఉంచెయ్యనా?

"పిచ్చిదానా!
మొన్న స్నానాలగదిలో జారిపడ్డాను, నాలుగ్గంటలు.
బయట నెల్బా చెవి తిప్పుతోంది, ఏడుస్తోంది, తిప్పుతోంది.
తిరిగితేగా.
చివరికి పక్కవాటా కుర్రాడు బాల్కనీ దూకొచ్చాడు.
ఆ కంగారులోనే అది చెవి ఎక్కడో జారవిడిచింది, పాపం.
వేసెయ్ నీ బిళ్ళ. కావాలంటే రెండు వెయ్."

మొదటి బావిలో వేశాను.
మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది.
కొత్త చెవి ఎవరి దగ్గరుంటుంది?
"నెల్బా దగ్గర."
నెల్బా తరవాత?

ఆవిడ మాతె గొట్టం గుర్రుమనేదాకా పీల్చింది.
మళ్ళీ నీళ్ళు పోసి బుర్ర నా వైపు జరిపింది.
"చల్లారుతుంది, తాగు."

పట్టికలో ఆరు-బి ఎదురుగా
టిక్కు ఎప్పణ్ణుంచో ఉంది.
దాని మీదే ఇంకోసారి దిద్దాను.