తరుగు

కొరుక్కుపేట రైల్వే గేటు దాటాక ఎడమ చేతికి
మా మేనమామ ఎత్తిరాజులు కాయలాన్ కడై.
రాత్రంతా కాశిమేడు ఉప్పుగాలి తాగిన షట్టరు
మూడో తన్నుకు గాని లేవదు.
నేను బి.ఎస్సి. కెమిస్ట్రీ, సెకండ్ క్లాసు.
ఇక్కడ లెక్కలు రాస్తాను.

తుప్పు పట్టిన ఇనుముకి
కిలోకి వంద గ్రాములు తరుగు.
ఒకసారి ఉండబట్టలేక అన్నాను:
"తుప్పు పడితే ఇనుము బరువు తగ్గదు మామా, పెరుగుతుంది.
గాలిని పట్టుకుని తనలో దాచుకుంటుంది."
చెవి మీద సగం బీడీ తీసి వెలిగించి
"అయితే గాలికి కూడా నేనే దుడ్డు ఇయ్యాల్నా?" అన్నాడు.
తరుగు అట్లాగే ఉంది.

ఎన్ని రకాలు వస్తాయో ఇక్కడికి.
సొట్టపోయిన ఇడ్లీ రేకులు,
తుపానులో కూలిన హోర్డింగు పక్కటెముకలు,
రెక్కలు ముడుచుకున్న సీలింగ్ ఫ్యాను,
తాళంచెవి లోపలే విరిగిన తాళం.
వైర్లు కాల్చి తెచ్చే పిల్లలు కూడా వస్తారు,
గుప్పిట్లో రాగి, గోళ్లలో మసి,
ఒంటి మీద కాలిన ప్లాస్టిక్ కంపు.
వాళ్లకి రేటు తగ్గించి చెప్పమంటాడు మామ.
నేను రాసేటప్పుడు అంకె కాస్త పైకి వంగుతుంది.
అది ఏ రకం మార్పో నాకెవరూ పాఠం చెప్పలేదు.

మంగళవారం ఒకాయన
టీవీఎస్ మీద గోనెసంచి వేసుకొచ్చాడు.
తండయార్‌పేటలో ఇల్లు కొట్టేస్తుంటే
గోడ కింద మట్టిలో దొరికిందట.
దులిపితే ఒక చెంబు.
ఇత్తడో రాగో తెలియదు,
చిలుము మీద చిలుము,
పాచి పట్టిన రాయిలా ముడుచుకుని ఉంది.
మామ ఆకురాయితో అంచున ఒక్క గీత గీశాడు.
గీత ఎర్రగా మెరిసింది.
ఎనిమిది వందల నలభై గ్రాములు.
ఆయన నోట్లు లెక్కపెట్టుకోకుండానే బండెక్కాడు.

మధ్యాహ్నం నా డబ్బాలో
చారు అడుగున చింతపండు పిప్పి మిగిలింది.
టీకొట్టు వళ్లియమ్మ చారెడు ఉప్పు ఇచ్చింది.
ఎందుకు మొదలుపెట్టానో తెలియదు,
చేతికి పని లేకపోవడం వల్లే కావచ్చు.
బొటనవేలితో రుద్దుతుంటే
ఆకుపసరులా పచ్చనీళ్లు కారాయి.
మెడ దగ్గర వేలికి ఏదో గరుకు.
చుక్కలు.
చుక్క పక్కన చుక్క,
ఎవరో ఉలితో ఓపిగ్గా కొట్టిన చుక్కలు:
పొ. ఆండాళు. 12-6-58.
'ళు' కొమ్ము దగ్గర ఉలి జారింది,
ఆ గీత పక్కకి పోయి ఆగింది.

చిలుము పట్టడం రసాయన మార్పు.
పదార్థమే వేరైపోతుంది, వెనక్కి రాదు.
కరగడం భౌతిక మార్పు.
రూపమే పోతుంది, రాగి రాగిగానే ఉంటుంది.
పదో తరగతిలో రెండు మార్కులకి రాసి
రెండూ తెచ్చుకున్నాను.

వెనక్కి రానిదాని కింద
ఇన్నేళ్లూ ఆండాళు ఉంది.
జారిన ఉలితో సహా ఉంది.
శుక్రవారం మాధవరం నుంచి లారీ వస్తుంది.
అక్కడ మూసలో
రాగి రాగిగానే ఉంటుంది.
పుస్తకం ప్రకారం ఏమీ జరగదు.

"తోమినావా? ఎవరు తోమమన్నారు?"
మామ మళ్లీ కాటాలో పెట్టాడు.
ఎనిమిది వందల ముప్పై ఒకటి.
"తొమ్మిది గ్రాములు ఏ గాలికి పోయినాయమ్మా?"
నేను కాలువ వైపు చూపించాను.
పచ్చనీళ్లు అప్పటికే ఇంకిపోయాయి.
చెంబు తిప్పి, పేరు చదువుకున్నాడు,
తెలుగు కూడబలుక్కుంటూ, ఒక్కో అక్షరం.
ఏమీ అనలేదు. బీడీ ఆరిపోయింది.

శుక్రవారం లారీ వచ్చింది.
నేనే ఎక్కించాను,
కుక్కరు మూతకీ కుళాయికీ మధ్య,
మూతి పైకి ఉండేలా.

పుస్తకంలో ఆ రోజు పద్దు ఇట్లా ఉంటుంది:
రాగి, 831. తరుగు, 9.
కారణం అన్న గడిలో
మామ ఎప్పుడూ 'తుప్పు' అనో 'మట్టి' అనో రాయమంటాడు.
ఆ గడి చిన్నది.
పేరు పట్టింది, తేదీ పట్టలేదు.

రాత్రి అన్నం కలుపుకుంటుంటే
వేళ్లకి ఇంకా రాగి వాసన.