ఒక ‘ఈ’ తక్కువ

బొగ్గు ఓడ బయటి హార్బరులో ఆగింది.
కడుపు నిండా లోడు. లోపలి కాలవకి అంత లోతు లేదు.
కొంత దించితే తేలుతుంది,
తేలితే డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి
మెల్లగా లోపలికి జారుతుంది.
రోజూ జరిగేదే. దానికో ఇంగ్లీషు మాటుంది:
లైటెనింగ్.

నైట్ షిఫ్టు, మూడు దాటింది.
టాలీ క్లర్కుని, ఆ మాటలో ఒక ‘ఈ’ మింగేశాను.
నిద్రమత్తో,
మా నోళ్లలో రెండూ ఒకేలా పలకడమో.
రిజిస్టరులో ఓడ మీద పిడుగు పడింది.

పొద్దున్న తొమ్మిదికి బొంబాయి బీమావాళ్ల ఫోను:
ఎంతమంది పోయారు? స్తంభం విరిగిందా?
బెహరా గారు కిటికీ తెరిచి చూశారు.
ఆకాశంలో మబ్బు తునక లేదు.
డెక్కు మీద ఎవడో బనీను ఆరేసుకుంటున్నాడు.
“నీ పెన్నుకి వానాకాలం ముందే వచ్చినట్టుందే, నూకరత్నం!”

ఎర్ర సిరాతో ‘ఈ’ని ఇరికించాను.
ఈగ తలంత అక్షరం.
చూస్తే నవ్వొచ్చింది.
బరువు దించే మాట ఒక అక్షరం ఎక్కువ మోస్తోంది.
నెత్తిన పడేదేమో
ఒకటి తక్కువతో చురుగ్గా ఉంది.

మధ్యాహ్నానికి ఓడ జానెడు లేచింది.
నల్లటి ఒంటి కింద ఎర్రరంగు బయటపడింది,
నీళ్లలో దిగినామె కుచ్చిళ్లు ఎత్తిపట్టినట్టు.

సాయంత్రం జాలరిపేటలో
పోలమ్మ పిన్నికి చెప్పాను, నవ్విద్దామని.
ఇసకలో పరిచిన నెత్తళ్లు తిరగేస్తూ వింది.
“రెండిటికీ తేడా ఏటే?”
“ఒకటి పిడుగు పిన్నీ.
ఇంకోటి, పడవలోంచి బరువు దింపడం.”

నోరు జారాక గుర్తొచ్చింది
ఆషాఢంలో, యారాడ కొండకవతల, చిన్నాన్న తెప్ప.
ముగ్గురు వెళ్లి ఇద్దరొచ్చిన తెప్ప.
అది ఏ రిజిస్టరులోనూ లేదు, ఏ స్పెల్లింగుతోనూ.
ఎంతమంది పోయారని
ఏ ఊరినుంచీ ఎవరూ ఫోను చెయ్యలేదు.

పిన్ని కాకిని తోలింది.
కొంగుతో చేతులు తుడుచుకుంది.
“అయితే రెండూ ఒకటే కదేటే.
మెరిసింది, దింపేసింది.
తెప్ప తేలిగ్గానే వచ్చింది ఒడ్డుకి.”

బ్యాగులో ఎర్ర పెన్నుంది.
తీయలేదు.
నెత్తళ్లు గంపకెత్తాక
ఒక చెవి ఆవిడ పట్టుకుంది, ఒకటి నేను.
ఎండినవి కదా,
బరువుండవనుకున్నాను.