ఊరంతా

పర్లాకిమిడి బస్టాండు గోడ మీద
దాలయ్య మావ రెండు భాషల్లో రాస్తాడు.
పోయిన నెల పళ్లపొడికి: ఊరంతా ఇదే వాడుతోంది.
ఈ నెల పార్టీకి: ఊరంతా మావైపే.
సున్నం మారింది గానీ
'ఊరంతా' కోసిన రేకు అదే.

"ఊరంటే ఎవరు మావా?"
కుంచె కిరసనాయిల్లో జాడించి
"డబ్బులిచ్చినోడు" అన్నాడు.

భయానికి ఎరుపు, ఆశకి ఆకుపచ్చ.
షరతులు మాత్రం
కుక్క కాలెత్తే ఎత్తులో, చీమలబారు.

ఒడియాలో ఒక మాట, తెలుగులో ఇంకోటి.
రెండూ చదవగలిగిన మాకు
గోడే నాలిక మడతేసినట్టు కనిపిస్తుంది.

రాత్రి మహేంద్రతనయ మీంచి వాన కొట్టింది.
పొద్దున నాయకుడి నవ్వులోంచి
పళ్లపొడి డబ్బా బయటపడింది.

మావ బీడీ ముట్టించి
డబ్బులింకా రాలేదన్నాడు.