ఎడమ అరచెయ్యి

ఉరుకుందును క్రికెట్ వాళ్ళు తరిమేసినారు.
మోచెయ్యి వంచి విసురుతాడని,
అది బౌలింగు కాదు, రాయి కొట్టడమని.
నిజమే. ఆదోని మార్కెట్ యార్డులో
పత్తి బోరాల మీద కూచున్న కోతుల్ని
వాడు రాయి తగలనీకుండా
చెవి పక్క గాలిని కొట్టి లేపేవాడు.

ఆ తప్పుకే ఇంకో ఆట ఉందని
డిగ్రీ కాలేజీ పీడీ గిడ్డయ్య సారు
ఒక గోనెసంచి మూతి విప్పినాడు:
తొమ్మిది గ్లోవులు, రెండు బ్యాట్లు, ఒకే ఒక మాస్కు.
మాస్కు నా మొహానికి సరిపోయింది.
అట్లా నేను క్యాచర్‌నయినాను. వేరే కారణమేం లేదు.

హోమ్ ప్లేటు, లారీ ట్యూబు కత్తిరించిన అయిదు మూలల ముక్క.
వాడు నిలబడే దిబ్బకు నల్లరేగడి పోసినాము,
ఎండాకాలం అది నెర్రెలిచ్చి
వాడి బూటు ముక్కును పట్టుకునేది.
బంతులు నాలుగే. తోలు విడితే
రైల్వే గేటు కాడ మాదన్న కుట్టేవాడు.
"నూట ఎనిమిది కుట్లప్పా దీనికి,
అంబులెన్సు నంబరు పెట్టుకోని పుట్టింది."
ప్రతిసారీ అదే జోకు. ప్రతిసారీ నవ్వినాము,
కూలి తీసుకునేవాడు కాదు గదా.

ఒక వేలు చూపితే నేరు బంతి.
రెండు వేళ్ళయితే వంపు బంతి.
ఇష్టం లేకుంటే వాడు తల అడ్డంగా ఊపుతాడు.
మూడేళ్ళు మేము మాట్లాడుకున్నది
చానా మటుకు ఇంతే.

విసిరేది కుడి చేత్తో,
కొట్టేది ఎడమ పక్క నిలబడి.
అనంతపురం మ్యాచ్‌లో ఏడు ఇన్నింగ్సులూ వేసి
చివర్న వాడే కొట్టిన బంతి
కంప దాటి శెనక్కాయ చేన్లో పడింది.
"నా చేన్లో పడింది నా పంటే" అన్నాడు రైతు.
నాలుగు బంతులు మూడయినాయి.

నా ఎడమ అరచెయ్యి నడిగితే వాడు పిచ్చరు.
చూపుడువేలి మొదలు ఇప్పటికీ వాపే.
చెవుల నడిగితే
జిన్నింగ్ మిల్లు బెల్టు తెగినట్టు
బ్యాటు మీద ఆ ఒక్క చప్పుడు,
వాడు బ్యాటరు.
నన్నెవరూ అడగలేదు లెండి.

కొత్త లీగు వాళ్ళు హైదరాబాదు రమ్మన్నారు.
జనరల్ బోగీలో ఉగ్గాని పొట్లంతో ఇద్దరమూ పోయినాము,
క్యాచర్ లేకుండా వాడు వేసేదెట్లా.
వేసినాడు. మిషను ఏదో అంకె చూపింది.
తెల్ల టోపీ ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.
తర్వాత కొట్టినాడు.
అప్పటికే ఆయన ఫోన్లో ఉన్నాడు.

కాగితంలో గడి ఒకటే.
వాడు రెండూ రాసినాడు, ఇరుకిరుగ్గా.
"ఏదో ఒకటి తమ్ముడూ. ఉండేది ఒక భుజం.
అది పోతే రెండూ పోతాయి."
భుజం సంగతి మాకు కొత్త కాదు.
హమాలీ చేసే వాళ్ళ మామ వీరభద్రి
కాయ కాసిన చోటు తడిమి ఎప్పుడో చెప్పినాడు:
"బోరా మోసేదీ ఇదే, బిడ్డను ఎత్తుకొనేదీ ఇదే.
దానికేం తెలుసురా ఏది ఏదని."

గుర్తొచ్చిందో లేదో.
బ్యాటింగ్ అనే మాటను అడ్డంగా కొట్టేసినాడు.
వాడు కొట్టినవాటిలో
అదొక్కటే దూరం పోలేదు.

నెలకు ముప్పై అయిదు వేలు. రెండేళ్ళు.
నాకు తిరుగు టికెట్టు డబ్బులిచ్చినారు,
అదీ మర్యాదే.

ఆదోని స్టేషను, రాత్రి బండి.
కిటికీ లోపల వాడు.
జేబులో పత్తి తూకాల చీటీలతో ప్లాట్‌ఫారం మీద నేను.
ఏం మాట్లాడాల్నో తెలీక
అలవాటు చొప్పున గొంతుకూచోని
ఒక వేలు చూపినాను.
తల అడ్డంగా ఊపినాడు.
రెండు చూపినాను.
దానికీ ఊపినాడు.
మూడోది మా మధ్య ఎప్పుడూ లేదు.

బండి కదిలింది.
లేచేసరికి మోకాళ్ళు పట్టేసినాయి.