తరుగు

పాడువా సంతవీధిలో చింతపండు కాటా నాది.
ఏటా తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి సీలు వేసి పోతాడు.
మా నాన్న కాలంలో తక్కెడ పళ్ళెం అడుగున
చింతపండు ముద్దొకటి అంటుకుని ఉండేది,
ఎవరికీ కనబడకుండా.
రెండువేలు జరిమానా పడ్డాక
ఆ ముద్ద ఊడింది.
అంచేత చట్టమంటే నాకు కోపం లేదు.
భయానికి పుట్టిన నిజాయితీ అయినా
సరిగ్గానే తూగుతుంది.

ఆ రోజు శ్రావణపు ముసురు.
పోలీసులు జీపులోంచి ముందు సంచిని దింపారు,
తర్వాత ఐతు ఖిలోని.
సంచిలోంచి నీళ్ళు కారుతున్నాయి,
వాడి చొక్కాలోంచీ.
మాచ్‌ఖండ్ ఏరు దాటుతూ దొరికాడట.
"పాత్రోగారూ, తూచండి" అన్నారు.
ఎర్ర అంకెలు వణికి వణికి నిలిచాయి:
ఇరవై కిలోల మూడువందల యాభై.
రాసుకున్నారు. సంతకం పెట్టాను.
ఐతు నన్ను ఒక్కటే అడిగాడు, దేశియా మాటలో,
"మోత కూలి ఐదువందలు ఇస్తామన్నారు,
ఇప్పుడది ఎవరిస్తారు?"

మూడేళ్ళకి జయపురం కోర్టులో
బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచాడు,
మూడుసార్లూ తప్పుగానే.
గోనె విడిగా తూచారా?
లేదండి.
తడి సంచా, పొడి సంచా?
తడిదేనండి.
తడిస్తే ఎంత పెరుగుతుంది బరువు?
ముప్ఫై ఏళ్ళుగా నా నాలుక చివరే ఉంది జవాబు.
సర్కారు వకీలు లేచి, ఇది ఊహ అన్నాడు.
సరే, కూర్చోమన్నారు.

ఇరవైకి లోపయితే
జడ్జిగారు చూడొచ్చు.
వయసు చూడొచ్చు, పగిలిన మడమలు చూడొచ్చు,
ఇంట్లో ఎవరున్నారని అడగొచ్చు.
ఇరవై దాటితే చూడ్డానికి లేదు.
పదేళ్ళకి ఒక్కరోజు తగ్గించే అధికారం
నాకు లేదని ఆయనే చెప్పారు,
కళ్ళజోడు తుడుచుకుంటూ, ఒడియాలో, నెమ్మదిగా.
పైన లక్ష జరిమానా.
లక్ష అంటే ఎన్ని మోతలని
ఐతు పక్కనున్న కానిస్టేబుల్‌ని అడిగాడు.

గంజాయిని నేను వెనకేసుకు రావడం లేదు.
మా తమ్ముడి కొడుకు విశాఖలో చదువుకి పోయి
గోడతో మాట్లాడుకునేవాడై తిరిగొచ్చాడు.
వాడికి ముద్దలు కలిపి పెట్టే పూట
పదేళ్ళేం ఖర్మ, ఇరవై వెయ్యమంటాను.
అలా అన్నప్పుడు నా కళ్ళముందు
ఒక లారీ ఉంటుంది, లారీ వెనక ఒక షావుకారు ఉంటాడు.
వాణ్ణి ఒక్కసారీ నా కాటా దగ్గరికి తేలేదు.

ఇదీ చెప్పాలి, కోర్టులో ఎవరూ అడగలేదు గానీ.
అదే ఏడు ఫాల్గుణంలో
ఐతు తల్లి రాయిమతి చింతపండు తెచ్చింది.
నలభై కిలోల సంచి, గలగలలాడే ఎండు.
కిలో తరుగు తీశాను, గోనెకీ తడికీ అని.
సంతలో అందరం తీస్తాం.
ఏ చట్టంలోనూ లేదు, ఏ ఒక్కడూ తప్పడు.
నాన్న పళ్ళెం కింది ముద్ద
నా నోట్లోకి వచ్చి కూర్చుందన్నమాట.
తల్లి ఎండు చింతపండుకి కిలో కోసినవాణ్ణి
కొడుకు తడి మూటకి గ్రాము కోయలేదు.
కోసి ఉంటే, పంతొమ్మిది చిల్లర.
అంతకంటే ఈ లెక్క ముందుకి సాగదు,
రాత్రుళ్ళు ఎన్నిసార్లు వేసినా.

మొన్న ఫాల్గుణంలో మళ్ళీ వచ్చిందామె.
అంకె ఎక్కడ నిలిచిందో అక్కడే చదివి
తరుగు లేకుండా డబ్బు లెక్కపెట్టాను.
కదల్లేదు.
డబ్బు చూసింది, కాటా చూసింది,
నా మొహం చాలాసేపు చూసింది.
కొత్త మోసమేదో అనుకుంది కాబోలు.
సంచి మూతి విప్పి
తానే రెండు దోసిళ్ళు తీసి
నా అరుగు మీద పోసి పోయింది.

ఈగలు ముసిరేదాకా
అవక్కడే ఉన్నాయి.