నీడకో గుప్పెడు

మూడేళ్లయినా మీసం రాని కుర్రాడిలా
సికమోర్ చెట్టు కింద మా పెరడు.
షెఫీల్డ్‌లో, వాక్లీ కొండవాలు మీద,
ఎత్తైన రాతిగోడ పక్కన.
ఎండ మధ్యాహ్నం రెండింటికి వచ్చి
చెప్పులు కూడా విడవకుండా వెళ్లిపోతుంది.

మొదటి ఏడు మే నెలలో చల్లాను.
డబ్బా మీద ఎండలో మెరిసే మైదానం బొమ్మ.
మొలిచింది.
జూన్‌కల్లా చెట్టు గొడుగంతా విప్పేసింది.
కింద మొలకలు పాలిపోయి
ఒక్కొక్కటే నేలకి జారగిలబడ్డాయి.
పుబ్బలో పుట్టి మఖలో మాడటమంటే ఇదే.
రెండో ఏడూ అదే మే, అదే డబ్బా,
మొండితనం మాత్రం కొత్తది.

మూడో ఏడు ఉదయశంకర్ ప్లాస్టిక్ గడ్డికి రేటు కనుక్కొచ్చాడు.
నమూనా ముక్క వంటింటి బల్ల మీద పెట్టాడు.
పిల్లి వాసన చూసి, తుమ్మి, వెళ్లిపోయింది.

గ్లెనిస్ గోడ మీదుగా చూసింది.
ముప్పై ఏళ్లు పార్కులో బౌల్స్ ఆటకి పచ్చిక పెంచిన మనిషి,
మాట తక్కువ, గోళ్లలో మట్టి ఎక్కువ.
"మేలో చల్లితే చెట్టుతో పందెం కాసినట్టే.
ఎప్పుడూ చెట్టే గెలుస్తుంది.
సెప్టెంబరు దాకా ఆగు."

ఆగాను.
బస్సు నడిపేదాన్ని, ఆగడం నాకు తెలిసిన పనే.

మా కార్తెలు ఇక్కడి వానకి తెలియవు.
అయినా పుబ్బ వెళ్లి ఉత్తర వచ్చే వేళకి
పైన గాలి చల్లబడింది,
నేలలో వేసవి ఇంకా గోరువెచ్చగానే ఉంది.
చంటిదాని పాలసీసా చూసినట్టు
వేలు పెట్టి చూశాను.

అప్పటికే కింది కొమ్మలు రెండు తీయించాం,
చెట్టుకి కౌన్సిల్ కాపలా,
అర్జీ పెట్టి ఎనిమిది వారాలు కాచి.
నాచు గీకాను. గట్టిపడ్డ నేలని ఫోర్కుతో పొడిచాను.
చెట్టు వేళ్లు తగిలిన చోట తప్పుకున్నాను, ఆ చోటు దానిది.
పైన పలచగా జల్లెడ పట్టిన మట్టి.
గింజలు ఈసారి వేరే: ఎర్ర ఫెస్క్యూ,
జీలకర్ర కంటే సన్నం, ఎండని పెద్దగా అడగని జాతి.
చదరపు గజానికి ఒక గుప్పెడు.
సగం నిలువునా నడుస్తూ, సగం అడ్డంగా.
ముగ్గు పెట్టే చెయ్యి కాదు కావలసింది,
వేపుడు మీద ఉప్పు చల్లే చెయ్యి.
దంతె వీపుతో నిమిరి
పాత తలుపుచెక్క పరిచి దాని మీద నడిచాను.

కలుపు కూలికి వెళ్లి పెరిగినదాన్ని,
పన్నెండు పౌండ్లు పోసి గడ్డి కొని
అది మొలవాలని మొక్కుకుంటున్నాను.

పదిహేడు రోజులు ఏమీ లేదు.
ఒక పావురం మాత్రం రోజూ వచ్చి లెక్క చూసుకునేది.
పద్దెనిమిదో తెల్లవారుజామున,
మొదటి బస్సుకి వెళ్లేముందు, టార్చి వేస్తే
నేల మీద ఆకుపచ్చ ఆవిరి.
వంగితే ఉంది, నిలబడితే లేదు.

అసలు పని అప్పుడు మొదలైంది.
సికమోర్ రాల్చడం మొదలుపెట్టింది,
అరచేతులంత ఆకులు, తడిసినవి, నల్లమచ్చలవి.
నాలుగు రోజులు కప్పి ఉంచితే మొలక పసుపవుతుంది,
దంతె వేస్తే వేరుతో సహా లేస్తుంది.
గొంతుక్కూర్చుని ఏరాను,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు,
యూనిఫాం అంచులు తడిసి.
మూడో వారం నుంచి పక్కన ఇంకో చెయ్యి:
ఉదయశంకర్, లుంగీ మీద కోటు, మాటా పలుకూ లేకుండా.
ప్లాస్టిక్ ముక్క ఇప్పుడు పిల్లి గిన్నె కింద ఉంది.

ఏప్రిల్లో మొదటిసారి కోశాం, బ్లేడు బాగా ఎత్తి పెట్టి.
నీడలో బతికేదాన్ని పొట్టిగా కొయ్యకూడదట.

గోడ మూల మాత్రం మొలవలేదు.
మళ్లీ చల్లనా అని అడిగాను.
గ్లెనిస్ టీ కప్పు గోడ మీద పెట్టి చాలాసేపు చూసింది.
"అక్కడ నాచు వచ్చింది కదా," అంది.
"దానికి ఎవరూ ఏమీ చల్లలేదు."